పొందికయు లొంగుబాటును

పొందుటకును లొంగుటకును భేదమేమి? క్లారినెట్ వాద్యమును చూచిన తెలియును.

1700 ప్రాంతమున జర్మనీలోని న్యూరెంబర్గున డెన్నర్ రూపొందించిన ఈ వాద్యము తమిళనాట మన సంగీతమునకు స్వంతమైనది. దానిపై సాధించిన విద్యకే ఎ.కె.సి. నటరాజన్ గారికి 2008లో సంగీత కళానిధి బిరుదము లభించినది.

నోట నుంచుకొని ఊదు మౌత్‌పీసు ఎంత మేలైనదైనను, దాని లోపలి బోలు గొట్టముతో సరిపడనిచో క్రింది స్థాయి శ్రుతిలో నున్నను పై స్థాయి తప్పును. బోలు పెద్దదైనచో శ్రుతి దిగును; పొట్టి గొట్టమున పలుకు స్వరములు మరింత దిగును. అప్పుడు తప్పు కూర్పుదే గాని ఏ ఒక్క భాగముదియు గాదు.

తొందరపాటు గలవాడు వెంటనే ఆకురాయి పట్టి ఎబొనైటును అరగదీయును. అరిగినది మరల రాదు. వివేకి ముందుగా రెండింటిని కలిపి పలికించి, చెవియొగ్గి విని, తప్పనిచో రవ్వంత మార్చును.

పరభాషా ప్రాంతమున స్థిరపడిన మనకును ఇదియే ధర్మము. ఊరి శ్రుతితో కలియవలెను. అందులకై ఇంటి నుడిని అరగదీయ నక్కరలేదు. తిరువయ్యారున నివసించిన త్యాగరాజస్వామి విశేషముగా తెలుగుననే పాడిరి. ఆ కృతులను తమిళనాడు నేటికిని తనవిగా పాడుకొనుచున్నది.