పిట్టగోడ కట్టినవాడు, గాయము కట్టినవాడు



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. క్రొత్త ఇల్లు కట్టుకొన్నవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టవలెను. కట్టక, ఎవరైనా అక్కడనుండి పడితే, ఆ రక్తదోషము ఆ ఇంటిమీదికి వస్తుంది. దీనిమీద ప్రసంగము మనము వినడము అరుదు. లూకా 10లోని మంచి సమరయుని కథ అట్లు కాదు. మన ఆదివార పాఠశాల పిల్లలు దానిని నాటకము వేసి చూపగలరు. గాయపడినవాడున్నాడు, నూనె ఉన్నది, ద్రాక్షారసమున్నది, గాయము కట్టిన చెయ్యి ఉన్నది. పిట్టగోడలో నాటకము వేయడానికి ఏమున్నది? ఎవరూ పడలేదు. అంతే.

గాయము కట్టినవానిది ప్రేమ అని ఒప్పుకోని మనిషి లేడు. మరి పిట్టగోడ కట్టినవానిది ఏమిటి? జాగ్రత్తా, చట్టానికి లోబడడమా, లేక అదికూడ ప్రేమేనా? ఇది పండితుల ప్రశ్న అని ప్రక్కన పెట్టడానికి వీలులేదు. ప్రతి సంఘములోను కానుకల పెట్టె దగ్గర ఈ ప్రశ్నకు మనము తెలియకుండానే జవాబు చెప్పుతున్నాము.

వైద్యులు రోగ నివారణను మెట్లుగా చెప్పుతారు. రోగము రాకముందే అడ్డుపడడము ఒక మెట్టు: టీకాలు, మంచినీరు, మరుగుదొడ్లు. లోపల మొదలై ఇంకా బయటపడని రోగమును పరీక్షచేసి పట్టుకోవడము రెండవది. వచ్చిన రోగము మనిషిని కుంటివానిగా, గ్రుడ్డివానిగా చేయకుండా ఆపడము మూడవది. వీటన్నిటికీ క్రింద ఇంకొక మెట్టు ఉన్నది. కూలి, కూడు, గాలి, ఇల్లు సరిగా ఉండి, రోగమునకు దారే పడకుండా చేయడము. పైమెట్టు మీద కనబడే మనిషికి ముఖమున్నది, పేరున్నది. క్రిందికి దిగేకొలది ముఖాలు మాసిపోయి లెక్కలు మాత్రమే మిగులుతాయి.

కోలార్ బంగారు గనుల సంగతి కర్ణాటకలోని మన పెద్దలకు చెప్పనక్కర లేదు. ఆంధ్రనుండి వెళ్ళిన ఎన్నో కుటుంబాలు అక్కడ బ్రతికినవి. పలుగురాతిని పొడిగా తొలిచినపుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో దిగి సిలికోసిస్ అనే రోగమవుతుంది. దిగిన ధూళిని ఏ వైద్యుడూ తీయలేడు. క్షయ కూడ ఆ ఊపిరితిత్తులను తేలికగా పట్టుకొంటుంది. ఇక్కడ సమరయుడు నూనె తీసుకొని వచ్చినా పోయడానికి చోటు లేదు. తొలిచేటప్పుడు నీళ్ళు పోసి ధూళిని అణచడము, గనిలోనికి మంచి గాలి పంపడము, ఇవే మందు. ఆ మందు వేయవలసినవాడు డాక్టరు కాడు, గని యజమాని. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడ్డాయి. రాళ్ళ క్వారీలలో ఆ ధూళి ఈనాటికీ లేస్తూనే ఉన్నది.

అదే పట్టణములో, ఇంకా మద్రాసులోను బెంగుళూరులోను, మన ప్రజలలో అనేకులు మరొక పనిచేశారు. తెల్లవారకముందే లేచి పట్టణమంతటి మలమును ఎత్తి మోశారు, మురుగు కాలువలు తీశారు. కలరా, టైఫాయిడు ఊరిమీద పడకుండా అడ్డు నిలిచిన మొదటి చేతులు అవి. వైద్యశాస్త్రము లెక్కన చూస్తే వారు చేసినది మొదటి మెట్టు వైద్యసేవ. ఊరు వారికి ఏమిచ్చినది? దూరము నిలబడమన్నది. జబ్బు తగ్గించిన డాక్టరుకు శాలువ కప్పిన చేతులే జబ్బు రాకుండా కాపాడినవారికి నీళ్ళను ఎత్తిపోశాయి. ఆ గనుల పట్టణములో అటువంటి తెలుగు కుటుంబములోనే పుట్టిన బెజవాడ విల్సన్ గారు ఆ పని చేతులతో చేయించడము ఆగవలెనని పోరాడి 2016లో మెగసెసే బహుమానము పొందారు. చట్టము 1993లో వచ్చినది, 2013లో మరింత గట్టిపడినది. అయినా మురుగు గుంతలలో మనుష్యులు చనిపోతున్నారనే వార్త ఆగలేదు. ఊరికి పిట్టగోడగా నిలబెట్టిన మనిషికి పిట్టగోడ లేదు!

మన చరిత్రలో కూడ ఈ మాట వినిపిస్తుంది. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారని మన పిల్లలు కూడ చెప్పుతారు. దానికి ముందు, 1876లో మొదలైన గొప్ప కరవులో, క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో కొంత భాగమును కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితోనున్న ప్రజలకు కూలి చూపించారు. కూలితో కూడు, కూడుతో ప్రాణము. ఆ సంఖ్య మనకు కంఠస్థము. కాలువ పనివలన ఎందరు చావలేదో ఎవరు లెక్కపెట్టగలరు?

అయితే పై మెట్లను తక్కువ చేయడము మా ఉద్దేశము కాదు. వెల్లూరులో పాల్ బ్రాండ్ గారు కుష్ఠరోగుల చేతులను శస్త్రచికిత్సతో బాగుచేశారు. వారి వ్రేళ్ళు పోయేది రోగము తినివేయడము వలన కాదు, స్పర్శ లేక తెలియకుండా తగిలే గాయాల వలన అని ఆయన చూపించారు. అది తెలిసిన తరువాత మెత్తని చెప్పులజోడు కూడ వైద్యమైనది. గాయము కట్టడములోనే మరొక గాయము రాకుండా చూడడమున్నది.

వెల్లూరులోనే చదివిన రాజ్ ఆరోలే, మేబెల్ ఆరోలే దంపతులు 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో పని మొదలుపెట్టారు. వారు చూసినదేమిటంటే, ఆసుపత్రిలో బాగై వెళ్ళిన బిడ్డ అదే నీరు త్రాగి అదే జబ్బుతో తిరిగి వస్తుంది. అందుచేత గ్రామాల స్త్రీలను ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. వారిలో చదువు రానివారు, అంటరానివారని నెట్టివేయబడినవారు అనేకులు. గర్భిణిని చూడడము, బిడ్డ ఎదుగుదల కనిపెట్టడము, శుభ్రమైన కాన్పు చేయడము వారు నేర్చుకొని చేశారు. ఎవరి చెయ్యి తగిలితే మైల అన్నారో ఆ చెయ్యే గడప గడపకు ఆరోగ్యము తెచ్చినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉన్నది, అది న్యాయమైనది. నివారణ మాట ఎక్కువగా మాట్లాడేవారు మెల్లగా రోగిని నిందించడములోనికి జారుతారు. “సిగరెట్లు మానమంటే మానినాడా? మిఠాయి తినవద్దంటే వినినదా?” పుట్టు గ్రుడ్డివానిని చూసి ఎవరు పాపము చేశారని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ లెక్కను ఒప్పుకోలేదు. పిట్టగోడ ఆజ్ఞను కూడ మరల చూడండి. పడినవాడు త్రాగి ఉన్నాడా, చూసుకొని నడవలేదా అని అది అడగదు. ఇల్లు కట్టినవానిని అడుగుతుంది. కాబట్టి నివారణను గూర్చిన మొదటి ప్రశ్న మంచముమీద ఉన్నవానికి కాదు. మునిసిపాలిటీకి, యజమానికి, మనకు. ప్రేమ విందులో షుగరు ఉన్న పెద్దలకు కూడ రెండేసి లడ్డూలు బలవంతముగా వడ్డించే మనకు కూడ!

మరొక ఆక్షేపణ డబ్బును గూర్చినది. ఒక సహోదరునికి వారానికి మూడుసార్లు డయాలసిస్ జరగవలసి ఉన్నది. ఆయన భార్య సంఘము ముందు నిలబడి కన్నీరు పెట్టుకొంటుంటే, పది సంవత్సరాల తరువాత ఎవరికో రాబోయే మూత్రపిండాల జబ్బు కొరకు డబ్బు దాచుతామని ఏ డీకను చెప్పగలడు? చెప్పకూడదు. ఆ సొమ్ము ఇవ్వవలసినదే. అయితే ఆ జబ్బుకు ముఖ్యకారణాలు షుగరు, రక్తపోటు. అవి సంవత్సరాల తరబడి నొప్పి లేకుండా పనిచేస్తాయి, చిన్న పరీక్షతో పట్టుబడతాయి. కన్నీటికి ఎదురుగా నిలబడి నివారణ ఎన్నడూ గెలవదు. గెలవవలసిన పని కూడ లేదు. కన్నీరు రాకముందే దాని భాగము తీసిపెట్టవలెను. ప్రథమ ఫలములు తీసిపెట్టే పద్ధతి మనకు క్రొత్త కాదు గదా.

పెద్ద ధనము అవసరము లేదు. ప్రభుత్వ ప్రమాణము ప్రకారము మైదానములో 30,000 మందికి, కొండ ప్రాంతములో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఉండవలెను. దానిక్రింద 5,000 లేక 3,000 మందికి ఒక ఉపకేంద్రము. 30 సంవత్సరాలు దాటినవారికి రక్తపోటు, షుగరు పరీక్షలు, స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమములోనివే. తమిళనాడులో 2021లో షుగరు, రక్తపోటు మందులను ఇంటికే తెచ్చి ఇచ్చే పథకము మొదలైనది. మనవారు చాలామంది ఉపకేంద్రము గడప తొక్కకుండా, జబ్బు ముదిరిన తరువాత నేరుగా పట్టణములోని పెద్ద ఆసుపత్రికి పోతున్నారు. రొమ్ములో గడ్డను సిగ్గుచేత దాచిపెట్టి, ప్రార్థన చేస్తున్నానని చెప్పే తల్లులున్నారు. ప్రార్థన చేయవలసినదే, నర్సమ్మకు చూపించవలసినదే.

కాబట్టి మా మనవి ఇది. ప్రతి సంఘములోను స్త్రీల సమాజమునకు ఒక బి.పి. మిషను కొని ఇవ్వండి. ఇద్దరు సహోదరీలు దానిని వాడడము నర్సమ్మ దగ్గర నేర్చుకొని, నెలకొక ఆదివారము ఆరాధన తరువాత చూడవచ్చును. ఎక్కువ వచ్చినవారిని వెంటబెట్టుకొని ఉపకేంద్రమునకు తీసుకొనిపోవలెను, ఎందుకంటే చీటి వ్రాసి ఇస్తే చాలామంది వెళ్ళరు. సంవత్సరాంతమున నివేదికలో, పక్షవాతము రాకుండా తప్పించుకొన్నవారి పేర్లు ఇవి అని వ్రాయడానికి వీలుండదు. మిషను ఖరీదు, ఆటో ఛార్జీలు మాత్రము కనబడుతాయి. వాటిని పరోపకార నిధి పద్దు క్రిందనే వ్రాయమని కోశాధికారులను కోరుతున్నాము.