నందీశ్వర జననము

శివాలయమున అడుగిడిన భక్తునకు మొదట దర్శనమిచ్చువాడు నందీశ్వరుడు. ఆయన శృంగముల నడుమ నుండి లింగమును దర్శించుట తెలుగునాట తరతరముల ఆచారము. లేపాక్షిలో ఏకశిలయందు మలచిన బసవన్న ఆలయమునకు వెలుపలనే కూర్చుండియు, చూపును మాత్రము స్వామివైపే నిలిపియున్నాడు. రెప్పవాల్చని ఆ చూపు ఎట్లు అలవడినదో శివపురాణమందలి శతరుద్రసంహిత తెలుపుచున్నది.

శిలాదుడను మహర్షి సంతానము లేనివాడు. పితృదేవతల ప్రేరణచే ఆయన ఇంద్రుని గూర్చి తపమొనర్చి, అయోనిజుడును మరణరహితుడును అగు పుత్రుని కోరెను. అట్టి వరమొసగుట తనకు శక్యము కాదనియు, మహాదేవుని ఆశ్రయింపుమనియు ఇంద్రుడు పలికెను. శిలాదుడు చిరకాలము శివధ్యానపరుడయ్యెను. దేహముపై పుట్టలు పెరిగినను, పురుగులు మాంసమును తొలిచినను ఆయన చలింపలేదు. శంకరుడు ప్రత్యక్షమై, తానే నందియను పేర పుత్రుడనై జన్మింతునని వరమొసగెను.

అటుపిమ్మట శిలాదుడు యజ్ఞభూమిని దున్నుచుండగా, త్రినేత్రములతో, చతుర్భుజములతో, జటామకుటముతో తేజోమయుడగు బాలుడు ఆవిర్భవించెను. తండ్రికి ఆనందము గూర్చినవాడగుటచే నంది యనబడెను. కాని పర్ణశాలలో ప్రవేశించినంతనే ఆ దివ్యరూపము మరుగుపడి, సామాన్య మానవబాలకుడయ్యెను. ఇందలి ఆంతర్యము గమనింపదగినది. దైవాంశతో పుట్టినవాడును సాధన చేయకుండ సిద్ధిని పొందరాదు.

నందికి ఏడవయేడు వచ్చెను. మిత్రావరుణులు ఆశ్రమమునకు విచ్చేసి, ఈ బాలుడు సకలశాస్త్రార్థ పారంగతుడే యైనను అల్పాయుష్కుడనియు, ఒక్క సంవత్సరమునకు మించి జీవింపడనియు చెప్పిరి. మరణము లేని కుమారుని కోరి ఎముకలు మిగులునంతగా తపించిన తండ్రికి ఆ మాట పిడుగుపాటయ్యెను. ఆయన బిడ్డను కౌగిలించుకొని బిగ్గరగా విలపించెను. శివుడొసగిన వరమే వమ్మయ్యెనా యను సంశయము ఎట్టి భక్తునికైనను కలుగు ఘడియ యది.

అప్పుడు ఓదార్చినది తండ్రి కాదు, కుమారుడే. దేవదానవులు తన్ను చంపదలచినను తాను అల్పాయువుతో మరణింపనని, తపముచే గాని విద్యచే గాని గాక మహాదేవుని భజించియే మృత్యువును జయింతునని తండ్రికి మాట యిచ్చి, ప్రదక్షిణము చేసి అడవికేగెను. హృదయకమలమున శివుని నిలిపి రుద్రజపము చేసెను. పరమేశ్వరుడు ఉమాసమేతుడై వచ్చి, నీకు మృత్యుభయమెక్కడిదని చేతులతో నిమిరి, తన కంఠమందలి కమలమాలను తీసి బాలుని మెడలో వేసెను. నంది జరామరణ రహితుడై గణాధిపతి యయ్యెను. వరము వమ్ము కాలేదు; భక్తి వలన ఫలించెను.

ఆ నందీశ్వరుడే లోకమున భక్తిని నిలుపుటకై మాదాంబ గర్భమున బసవేశ్వరుడుగా అవతరించెనని పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దమున బసవపురాణమున కీర్తించెను. ఆ బసవన్నయు పుట్టుకను గొప్పగా నెంచలేదు. ఉపనయనమును నిరాకరించి, కులగౌరవమును విడిచి శివభక్తులందరిని తనవారిగా చేసికొనెను. పుట్టుక ఎంత దివ్యమైనను అది ఆరంభమాత్రమే యని ఈ రెండు చరితములును ఒక్కటిగా బోధించుచున్నవి.

నంది చెవిలో కోరిక విన్నవించుకొను భక్తులు, ఆయన ఏడేండ్ల ప్రాయమున తన మరణవార్తను తానే విని, తండ్రి కన్నీరు తుడిచిన బాలుడని స్మరింపవలెను. ఆపద వచ్చినవేళ చూపు లింగము నుండి మరలకుండుటయే నందీశ్వరుని నిజమైన పూజ.