అందము తప్పును క్షమింపజేయునా?

గడచిన శీతకాలమున నొక యాదివారము ప్రొద్దున నేను మా రామసముద్రములో బడి యెదుట బాటప్రక్కన నిలిచియుంటిని. పుంగనూరు దిక్కునుండి యొక యెఱ్ఱని కారు వచ్చి, బడిముందఱ వేసిన స్పీడుబ్రేకరు కడ నాగిపోయెను. అది ఇటలీదేశపు పనితనము. నేలకును దానికిని జానెడైన యెడము లేదు. దాని వంపులను జూచినవారికి, నిలిచియున్నప్పుడును అది పరుగిడుచున్నట్లే తోచెను. టమోటా పెట్టెలతో మదనపల్లె మార్కెట్టునకు బోవలసిన బండ్లు రెండు దాని వెనుక నిలిచిపోయినను, బండివారు కోపింపక దిగివచ్చి కన్నులార చూచుచుండిరి.

కారు నడపు యువకుడు దిగి, వంగి క్రిందికి జూచి, యేమియు తోచక నిలుచుండెను. అప్పుడొక ముసలి రైతు దగ్గఱకు వచ్చి, "ఇంత సొగసైన బండికి ఈ మిట్ట దాటేదానికి చేతగాదా నాయనా?" అని యడిగెను.

"ఇట్లాంటి రోడ్లకు చేసిన బండి కాదు తాతా ఇది."

"అట్లయితే తప్పు మా దావదంటావా?"

యువకుడు నవ్వెను గాని బదులు చెప్పలేదు. పిల్లలు రెండు పలకలు తెచ్చి మిట్టకు వాలుగా వేయగా, కారు ప్రక్కవాటుగా మెల్లగా దాటిపోయెను. ముసలివాని ప్రశ్న మాత్రము నాతో నిలిచిపోయినది. అందమైన వస్తువునందు లోపమున్నచో ఆ లోపమును మనము క్షమింపవలెనా? క్షమించినచో ఎంతవఱకు?

సంస్కారప్రియులలో ననేకులు ఈ ప్రశ్నను చర్చకే తగనిదిగా నెంచుదురు. వేగపు కారు ధనవంతుని యాటబొమ్మ, దానికి అందమేమి, నీతియేమి యని వారి వాదము. ఈ వాదమునందు తొందరపాటు కలదు. అందము ధనమునకు దాసి కాదనుటకు ఇటలీయే మంచి సాక్ష్యము. రెండవ ప్రపంచయుద్ధమున చితికిపోయిన యా దేశమున, 1947 ప్రాంతమున, చిసిటాలియా యను చిన్న సంస్థకు పినిన్ ఫరీనా యను శిల్పి యొక కారునకు రూపు దిద్దెను. అనవసరమైన యలంకారమొక్కటియు లేక, ఒకే రేకును మలచినట్లున్న యా రూపమును 1951లో న్యూయార్కునందలి ఆధునిక కళాశాల తన ప్రదర్శనలో నిలిపెను. ఆ కారులోని యింజను సామాన్యమైన ఫియట్ 1100 వంశమునకు చెందినది. ఆ వంశపు 1089 ఘనసెంటీమీటర్ల యింజనే తరువాత బొంబాయిలోని ప్రీమియర్ కర్మాగారమున తయారైన ఫియట్ కారులయందును, పద్మిని కారులయందును ఉండెను. మన తాతతండ్రుల కాలమున మన పట్టణములలో వైద్యులును వకీళ్లును ఎక్కి తిరిగిన బండి యదియే. కళాశాలలో నిలిచిన సౌందర్యమునకును, మన వీథిలో పొగ వదలిన బండికిని గుండె యొక్కటియే యన్నమాట. కావున అందమును విలాసమని త్రోసివేయరాదు.

ఇక లోపముల విషయము. లోపములన్నియు నొక్క జాతివి కావు. వానిని వేఱుచేసి చూడనిచో మన తీర్పు తప్పును.

మొదటిది చేతిపని వలన గలుగు లోపము. మోదేనా పట్టణమున స్కాలియెట్టి యనువాని పనిశాలలో ఫెరారి కారులకు అల్యూమినియపు రేకులను ఇసుకసంచులపై నుంచి సుత్తితో కొట్టి రూపు తెచ్చెడివారు. 1962 మొదలు 1964 వఱకు వెలువడిన ఫెరారి 250 జి.టి.ఓ. కారులు 36 మాత్రమే. అందొక్కటి వేఱొకదానితో సరిగా పోలదు. కుడివైపు వంపు ఎడమవైపు వంపునకు వెండ్రుకవాసి భేదించుట యప్పటి చేతిపనిలో సహజము. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె నేతగాండ్ర పట్టుచీరను విప్పి చూచినవారికి ఈ సంగతి క్రొత్త గాదు. మగ్గముపై నేసిన బుటాలలో నొకటి యించుక ప్రక్కకు జరిగినచో, అది యొక మనుష్యుడు కూర్చుండి నేసెనని చెప్పు గుఱుతు. అట్టి లోపము క్షమింపదగినది మాత్రమే కాదు, ప్రేమింపదగినది. ఆ 36 కారులలో నొకటి 2018లో వేలమున 4.84 కోట్ల డాలరులకు అమ్ముడుపోయెను. అంత వెల న్యాయమా యనుట వేఱు మాట.

రెండవది యజమానుడు తానే యనుభవించు లోపము. 1966లో లంబోర్గిని మ్యూరా కారు లోకమునకు కనబడినప్పుడు దానిని మించిన సొగసు కలదని యెవరును చెప్పలేకపోయిరి. కాని పండ్రెండు సిలిండర్ల యింజను కూర్చుండువాని వీపువెనుకనే అడ్డముగా నుండుటచే లోపలి వేడియు, రొదయు నంతింత గాదు. ఇంజనునకును గేరుపెట్టెకును చాలకాల మొకే నూనె యుండెను. ముందున్న పెట్రోలుతొట్టి ఖాళీయైన కొలది మహావేగమున ముక్కు తేలికయై పైకి లేవ జూచెడిది. 1974లో వచ్చిన కౌంటాష్ కారును వెనుకకు నడపవలసినచో, తలుపు పైకెత్తి, గడపమీద కూర్చుండి, మెడ త్రిప్పి చూడవలసివచ్చెడిది. 1984 నాటి ఫెరారి టెస్టరోసాలో ఒక బెల్టు మార్చుటకు ఇంజను నంతయు బయటికి దింపవలెను. ఇవి యన్నియు లోపములే. అయినను వీనిని తెలిసి కొనినవాడు తన వీపునకు వేడిని, తన సంచికి ఖర్చును తానే కొనితెచ్చుకొనెను. పాలిచ్చునపుడు తన్ను నావును కొందఱు ప్రీతితో పెంచుకొనరా? ఆ తన్ను తమకే తగులునంతవఱకు నడుగుట కెవ్వరికిని అధికారము లేదు.

ఈ లంబోర్గిని కథయే మనకు మఱియొక పాఠము చెప్పును. ఫెఱుచ్చియో లంబోర్గిని మొదట ట్రాక్టరులు చేసి బాగుపడినవాడు. తాను కొన్న ఫెరారి కారులో క్లచ్చి మాటిమాటికి చెడుచుండగా, ఎంజో ఫెరారికి మొఱపెట్టెననియు, ట్రాక్టరులవాడు కారుల మాట చెప్పనక్కఱలేదని జవాబు వచ్చెననియు, ఆ పంతముతోనే 1963లో తానే కారుల సంస్థ పెట్టెననియు చెప్పుకొందురు. కథలో పెంపు ఎంతయున్నను నీతి స్పష్టము. దుక్కి సమయమున ట్రాక్టరు చెడినచో రైతునకు పంట పోవును. రైతుతో పనిచేసినవాడు లోపమును అలంకారముగా నెంచలేడు. ఆ ట్రాక్టరుల శాఖ 1973లో చేతులు మాఱి చేరిన సంస్థయే తరువాత మన చిత్తూరునకు పొరుగుననున్న రాణిపేటలో ట్రాక్టరుల కర్మాగారము నెలకొల్పెను.

మూడవది దాచిపెట్టిన లోపము. ఇచ్చట క్షమ కుదించుకొనిపోవును. 1971లో ఆల్ఫా రోమియో సంస్థ సామాన్యులకు అందునట్లు, నేపుల్స్ పొరుగున నొక క్రొత్త కర్మాగారమున, ఆల్ఫాసుద్ అను చిన్నకారును నిర్మించెను. నడకలో దానికి సాటి లేదని మెచ్చుకొనని వాహనజ్ఞుడు లేడు. కాని రంగు మాటున ఇనుము త్రుప్పు తినుచుండెను. లాన్సియా సంస్థవారి బీటా కారునకును అదే గతి పట్టి, 1980లో ఇంగ్లాండున నా సంస్థ అమ్మిన కారులను తానే మరల కొనవలసివచ్చెను. ఆ దేశమున పోయిన పేరు తిరిగి రాలేదు. 1994లో లాన్సియా యచ్చటి బజారును విడిచెను. చేతిపని భేదము కంటికి కనబడును. వేడి వీపునకు తెలియును. త్రుప్పు మాత్రము కొన్నవానికి తెలియక, వానిని నమ్మించి, లోలోపల కొఱుకును. వెలుపల నిగనిగలాడు రంగు ఇచ్చట తప్పునకు తోడుదొంగ యగుచున్నది. సౌందర్యము సత్యమును దాచుటకు పనిచేసిననాడు దానికి సౌందర్యమను పేరు చెల్లదు.

నాలుగవది పరులు చెల్లించు లోపము. ఇది యన్నిటికంటె ఘోరము. 1927 మొదలు ఇటలీలో బ్రేషియా పట్టణమునుండి రోమునకు బోయి తిరిగివచ్చు 1,600 కిలోమీటర్ల కారుపందెము, పల్లెల నడిమి మామూలు బాటలమీదనే జరుగుచుండెను. ప్రజలు ఆబాలగోపాలము బాటప్రక్కల నిలిచి చూచెడివారు. 1957 మే 12వ తేదీన గ్విదిజోలో గ్రామసమీపమున నొక ఫెరారి కారు టైరు పగిలి జనములోనికి దూకెను. నడపుచున్న దె పోర్తాగోయు, తోడివాడు నెల్సనును, చూడవచ్చినవారిలో తొమ్మిదిమందియు మరణించిరి. ఆ తొమ్మిదిమందిలో అయిదుగురు పిల్లలు. ఆ పందెము వేగపుపందెముగా నంతటితో ముగిసెను. ఎంజో ఫెరారిపై నేరము మోపబడినది. 1961లో న్యాయస్థానము నిర్దోషియని విడిచెను. బాటలో నాటిన గుబ్బ యొకటి టైరును కోసియుండునని నిపుణులు తలచిరి.

చూడుడు, అచ్చటను తప్పు బాటమీదికే పోయినది! చట్టము దృష్టిలో నది సరియే కావచ్చును. కాని ఆ బాట ఆ గ్రామస్థులది. వారు దానిని పందెమునకై వేసికొనలేదు. ఆ పిల్లలు చూడవచ్చినది కూడ అందమును. దాని వెలను వారు చెల్లించిరి.

"ఇవి పాత మాటలు, నేటి కారులయం దిట్టి లోపములు లేవు" అని కొందఱు చెప్పుదురు. కొంతవఱకు నిజమే. ఇంజను ముందే యుండవలెనని ఎంజో ఫెరారి చాలకాలము పట్టుపట్టెను. ఎద్దులు బండికి ముందుగదా యుండవలె నని యాతని సమాధానమట. మా యూరి రైతులు తల యూపదగిన మాట. కాని ఇంగ్లీషువారు ఇంజనును వెనుక బెట్టి గెలుచుచుండగా, పందెపు కారులయందు 1961 నాటికి ఆయనయు మాఱెను. 2010లో ఫెరారి 458 కారులు కొన్ని నిప్పంటుకొనగా, చక్రముపై కప్పునందు వాడిన జిగురు వేడికి మండుచున్నదని సంస్థయే యొప్పుకొని, కారులను పిలిపించి, జిగురునకు బదులు లోహపు బిగింపులను వేసి యిచ్చెను. తప్పును దాచిన కాలమునకును, ఒప్పుకొన్న కాలమునకును గల యంతరము మెచ్చదగినది.

అయినను నేటి కారున కొక క్రొత్త లోపము వచ్చినది. అది దాని నేర్పులోనే యున్నది. నేడు ఇటలీనుండి వచ్చు కారు 800 గుఱ్ఱముల బలమునకు మించి కలిగి, గంటకు 330 కిలోమీటర్లు పరుగిడగలదు. మన దేశమున మిక్కిలి పెద్ద ఎక్స్‌ప్రెస్ దారిమీద సైతము 2018లో ప్రభుత్వము నిర్ణయించిన గరిష్ఠవేగము 120 మాత్రమే. ఆ కారు గుణము వెల్లడి కావలెనన్నచో చట్టము మీఱవలెను. చట్టము పాటింపవలెనన్నచో దాని గుణము నిద్రింపవలెను. ఉపయోగించినచో పాపమును, ఉపయోగింపకున్నచో వ్యర్థమును నగు శక్తి యెట్టి శక్తి?

దీనికి పరిష్కారము లేకపోలేదు. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేనుసాగరము కడ విద్యుత్తు కారుల పందెము జరిగెను. అందు ఇటలీవారి మజరాటి పేరుతోను కారులు పాల్గొనెను. బాటను మూసి, ఇరువైపుల గోడలు కట్టి, చూచువారిని వాని కావల నుంచిరి. నగరవాసులకు ఆ దినములలో రాకపోకల యిబ్బంది కలిగినమాట వాస్తవము. కాని వేగమునకు తగిన స్థలమును వేఱుగ నేర్పఱచి, దాని యపాయమును తెలిసి పూనినవారికే వదలవలెనను న్యాయమచ్చట పాటింపబడినది.

ఇప్పుడు ముసలివాని ప్రశ్నకు వత్తము. తప్పు మా బాటదా? పక్షపాతము లేక చెప్పవలెనన్నచో కొంత మాదే. స్పీడుబ్రేకరు 10 సెంటీమీటర్ల యెత్తు, 3.7 మీటర్ల వెడల్పు గలిగి, మెల్లని వాలుతో నుండవలెనని మన దేశపు బాటల సంఘము నియమము చేసియున్నది. పల్లెలలో మట్టిగంపలు కుమ్మరించినట్లు నిలువుగా వేసిన మిట్టలు గర్భిణికిని, రోగిని గొనిపోవు బండికిని గూడ బాధాకరములు. వానిని సరిదిద్దుకొనుట మన విధి. కాని మిట్ట యచ్చట నేల యున్నది? బడి యుండుటచే నున్నది. పలకలు తెచ్చి వేసిన యా పిల్లల ప్రాణముల కొఱకు నున్నది. "ఈ బాటకు చేసిన బండి కాదు" అనుమాట బండి గొప్పను చెప్పుట లేదు, అది బండి హద్దును చెప్పుచున్నది. ఆ హద్దును యువకుడు తెలిసికొని యాగెను, దిగెను, మెల్లగా దాటెను. కావున నా దినమున నతడు తప్పు చేయలేదు. అతని కారు లోపమును అతడే మోసికొనెను.

కావున అందము తప్పును క్షమింపజేయునా యను ప్రశ్నకు నా సమాధానమిది. తప్పు వెల నెవరు చెల్లించుచున్నారో మొదట చూడవలెను. అందము ననుభవించువాడే చెల్లించినచో క్షమింపుడు, నవ్వుకొనుడు. తెలియనివాడు చెల్లించినచో అది మోసము. బాటప్రక్క నిలిచినవాడు చెల్లించినచో అది ద్రోహము. ఈ కొలత కారులకే గాక మన యిండ్లలోని సొగసులకును చెల్లును. పెండ్లిపందిరి శోభ చూచి మురియునప్పుడు ఆ శోభకై అప్పు పడినవాని ముఖమును గూడ చూడుడు. పట్టుచీర కట్టునప్పుడు నేసినవాని కూలిని గూడ తలపుడు. అందమును విడువవలదు. దాని వెలను మాత్రము పొరుగువానిపై వేయవలదు.