అంచుకి ఐదు బారల ఇవతల

అమ్మడూ,

వచ్చే శనివారం స్నేహితులతో ఇంగ్లండ్ దక్షిణ తీరాన సెవెన్ సిస్టర్స్ కొండల మీద నడవబోతున్నామని చెప్పావు. నీ ఉత్సాహం చూసి మీ అమ్మమ్మ వద్దనలేకపోయింది. నాకైతే వద్దనే ఉద్దేశమే లేదు. మూడేళ్ల కిందట మీ మావయ్య దగ్గరికి వచ్చినప్పుడు ఈ మోకాళ్లతోనే ఆ గట్టు ఎక్కినవాణ్ణి. తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను. సగం విన్నా చాలు.

బ్రైటన్‌లో పన్నెండో నంబరు బస్సెక్కి ఎగ్జీట్ దగ్గర దిగుతారు కదా. అక్కడ కక్‌మియర్ నది పాత మెలికలు పాములా కనపడతాయి, నది మాత్రం తిన్నగా తవ్విన కాలవలో సముద్రంలోకి పోతుంది. నది వెంట నడిచి ఎడం చేతికి తిరిగితే మొదటి కొండ హేవెన్ బ్రౌ. ఎత్తు 77 మీటర్లు. ఆ ఏడుగురు అక్కచెల్లెళ్లలో అదే పొడుగు. అది ఎక్కగానే గెలిచామనుకోకు. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. బర్లింగ్ గ్యాప్ దాటి, బీచీ హెడ్ మీదుగా ఈస్ట్‌బోర్న్ చేరేసరికి దాదాపు 13 కిలోమీటర్లవుతుంది. మొదటి రెండు కొండల మీదే ఊపిరంతా ఖర్చుపెట్టకు. మంచినీళ్లు, వాన కోటు, నేలని పట్టుకునే బూట్లు మరిచిపోకు. తడిసిన సుద్ద నేల సబ్బులా జారుతుంది. ఆ సంగతి నాకు నా నడుము చెప్పింది.

ముప్పై నాలుగేళ్లు బడిలో సుద్దముక్క పట్టుకుని బతికానా, సుద్ద కొండని చూడ్డం మాత్రం అదే మొదలు. మనం నల్లబల్ల మీద రాసేది చాలావరకు జిప్సం, పేరుకే సుద్ద. ఇది అసలుది. దాదాపు తొమ్మిది కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో తేలిన, కంటికి ఆనని నాచు జీవుల పెంకులు అడుగున పేరుకుని అలా కొండలయ్యాయి. మధ్యమధ్య నల్లటి చెకుముకి రాళ్ల వరసలు కూడా కనపడతాయి. కొండేగానీ, గోటితో గీరితే పొడి రాలుతుంది.

అవి అంత తెల్లగా ఎందుకుంటాయో తెలుసా? రాలిపోతూ ఉండబట్టి. కెరటాలు మొదలు తొలుస్తాయి, వాన నీరు పగుళ్లలోకి దిగుతుంది, పై భాగం విరిగి పడుతుంది, లోపలి తెలుపు బయటపడుతుంది. రాలడం ఆగిన చోట గడ్డీ నాచూ పట్టి కొండ మాసిపోతుంది. 2016లో పరిశోధకులు లెక్కగట్టారు: వేల ఏళ్లపాటు ఏడాదికి 2 నుంచి 6 సెంటీమీటర్లే కోసుకుపోయిన ఆ తీరం, గడిచిన నూటయాభై ఏళ్లుగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చొప్పున పోతోందట. అది సగటు. కొండ సగటు లెక్కన పడదు తల్లీ. ఏళ్ల తరబడి కదలకుండా ఉండి, ఒక్క పూటలో మీటర్ల కొద్దీ కూలుతుంది.

అంచు పొడుగునా చాలాచోట్ల కంచె లేదు. గడ్డి పరుపులా చివరిదాకా పరుచుకుని ఉంటుంది. దాని కింద కొండ ఉందో, డొల్ల ఉందో పైనున్నవాళ్లకి తెలీదు. అందుకే అంచుకి ఐదు బారల ఇవతల నడువు. బారంటే మరిచావేమో, రెండు చేతులూ చాచినంత. మన పడవలవాళ్లు నీటి లోతు కొలిచే కొలత. ఫొటో కోసం అంచున ఎగిరి కిందికి పోయిన పిల్లలున్నారు. స్నేహితులు "ఇంకొక్క అడుగు" అన్నప్పుడు నవ్వుతూనే వెనక్కి రా. పిరికిదంటే అననీ.

బర్లింగ్ గ్యాప్ దగ్గర ఇనప మెట్లు దిగి ఒడ్డున తిరగాలనిపిస్తే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకో. మన ఉప్పాడలో ఆటుకీ పోటుకీ తేడా మనిషెత్తు ఉండదు. అక్కడ పున్నమికీ అమావాస్యకీ ఆరు మీటర్ల దాకా ఉంటుంది. పోటు కమ్ముకొస్తే ఒక పక్క నీళ్లు, ఒక పక్క నిట్టనిలువు కొండ. మధ్యలో పైకెక్కే దారి లేదు. నీడగా ఉంది కదాని కొండ మొదట్లో కూర్చోకు, రాళ్లు రాలతాయి. ఎవరికైనా ఆపదొస్తే నువ్వు దిగకుండా 999కి ఫోన్ చేసి, కోస్ట్‌గార్డ్ కావాలని అడుగు.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు మాట. బర్లింగ్ గ్యాప్ దాటాక గట్టు మీద బెల్ టూట్ అనే పాత దీపస్తంభం కనపడుతుంది. 1830ల్లో కట్టారు. 1902లో దాని పనిని, దిగువన నీళ్లలో నిలబెట్టిన ఎరుపు తెలుపు చారల దీపస్తంభానికి అప్పజెప్పారు. కొండ విరుగుతూ విరుగుతూ పాతదాని వాకిట్లోకి వచ్చేసింది. 1999లో 850 టన్నుల ఆ రాతి కట్టడాన్ని జాకీలతో లేపి, ఉన్నదున్నట్టు 17 మీటర్లు వెనక్కి జరిపారు. అక్కడికి దగ్గర్లోనే 1878 నాటి తీర కాపలాదారుల ఇళ్ల వరస ఉంది. వాటిని జరపలేదు. సముద్రం దగ్గరికొచ్చినకొద్దీ చివరి ఇంటిని కూల్చుకుంటూ వస్తున్నారు.

మనకిదేం కొత్త కాదు. ఉప్పాడలో సముద్రం మింగిన వీధుల్ని నీకు కథలుగా చెప్పాను. రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాలు పరిచారు, కాకినాడ రోడ్డు తెగినప్పుడల్లా మళ్లీ వేశారు. మా నాన్న రెండుసార్లు ఇల్లు వదిలాడు. రెండుసార్లూ గోడల వంక తిరిగి చూడలేదు గానీ, టేకు ద్వారబంధం మాత్రం ఊడదీయించి బండి మీద వెనక వీధికి చేర్చాడు. "సముద్రంతో పంతమేంట్రా" అనేవాడు. నాకది ఓడిపోయినవాడి మాటలా తోచేది. ముప్పై ఏళ్లు ఆ చిన్నతనం లోపల దాచుకున్నాను. బెల్ టూట్ ముందు నిలబడ్డ రోజున గానీ మా నాన్న చేసిందేమిటో నాకు తలకెక్కలేదు.

నువ్వున్న చోట కాలికింది నేల గుల్లబారిన సంగతి తెలిసీ, నలుగురూ చూస్తున్నారని అక్కడే నిలబడాల్సిన రోజులొస్తాయి. చదువులో రావచ్చు, ఉద్యోగంలో రావచ్చు, మనసు పడ్డ మనిషి దగ్గరా రావచ్చు. అలాంటప్పుడు జరుగు. గోడలు పోతే పోయాయి, ద్వారబంధం ఏదో చూసుకుని అది తెచ్చుకో.

సంక్రాంతికి వచ్చినప్పుడు మన వీధి గుమ్మం కేసి ఓసారి చూడు. ఎడమ కమ్మీ కింద ఉప్పుగాలికి చెక్క పొరలు లేచి ఉంటుంది. నువ్వు మొదటిసారి లేచి నిలబడింది దాన్ని పట్టుకునే.

శనివారం తిరుగు బస్సెక్కగానే ఫోన్ చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రైనా ఫర్వాలేదు, మీ అమ్మమ్మ ఎలాగూ పడుకోదు.

మీ తాతయ్య