చిన్న అక్షరాలలోని సత్యం

“ఇద్దరు వ్యాపారులు కోర్టుకెక్కితే మనకేమిటి మాస్టారూ?” అని మొన్న ఒక విద్యార్థి నన్నడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అయినా అటువంటి ఒక తగాదాలో మనకు సంబంధించిన సమస్య దాగి ఉందని నా నమ్మకం: ఒక్క అబద్ధమైనా ఆడకుండా మోసం చేయవచ్చునా?

అమెరికాలో కోకాకోలా కంపెనీ ఒక పండ్లరసం అమ్మింది. సీసా మీద “దానిమ్మ, బ్లూబెర్రీ” అని పెద్ద అక్షరాలు. కింద, బాగా చిన్న అక్షరాలలో, అది 5 రసాల మిశ్రమమన్న మాట. లోపల దానిమ్మరసం నూటికి 0.3 వంతు, బ్లూబెర్రీ 0.2 వంతు. 99.4 వంతులు ఆపిల్, ద్రాక్ష రసాలే. దానిమ్మరసం అమ్ముకునే పామ్ వండర్‌ఫుల్ కంపెనీ 2008లో ఫెడరల్ కోర్టులో దావా వేసింది. ఆహారశాఖ నిబంధనలు ఆ పేరును అనుమతిస్తున్నాయి గనుక దావాయే చెల్లదని కోకాకోలా వాదించింది. కింది కోర్టులు ఒప్పుకున్నాయి. 2014లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కొనేవాళ్ళు అంత తెలివితక్కువవాళ్ళు కారని కంపెనీ వకీలు అంటే, అది దానిమ్మరసమేనని తానూ అనుకున్నానని జస్టిస్ కెన్నెడీ జవాబిచ్చాడు.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఇక్కడ ధర్మరాజు గుర్తుకొస్తాడు. అశ్వత్థామ పేరు బిగ్గరగా పలికి, ఏనుగన్న మాట మెల్లగా గొణిగాడు. మాటలన్నీ నిజమే, ద్రోణుడికి అందిన అర్థం మాత్రం అబద్ధం. చిన్న అక్షరమంటే ఆ గొణుగుడే. అయితే నేలను తాకకుండా నడిచే ధర్మరాజు రథం ఆ క్షణమే నేలకు దిగిందన్నారు మనవాళ్ళు. కంపెనీ రథానికి ఏమీ కాలేదు: 2016లో జ్యూరీ కోకాకోలా పక్షానే తీర్పు చెప్పింది.

మరొక సంగతి గమనించాలి. ఈ దావాకు ఆధారమైన 1946 నాటి లాన్‌హమ్ చట్టం దావా హక్కును పోటీ వ్యాపారికి ఇస్తుంది. సీసా కొని తాగినవాడికి ఇవ్వదు. అంటే అక్కడ అసత్యాన్ని తూచే తక్కెడ, పోయిన బేరం. పోనీ వాది సత్యసంధుడా? తమ రసం గుండెజబ్బుకూ క్యాన్సర్‌కూ మంచిదన్న పామ్ ప్రకటనలు మోసపూరితాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో తేల్చింది. 2015లో అప్పీలు కోర్టు ఆ మాటను చాలావరకు నిలబెట్టింది.

ఇద్దరూ ఇద్దరే గదా అని మొహం తిప్పుకుందామా? కూడదు. 0.3 అన్న లెక్క ఎవరి నోట వచ్చినా నిజమే. కాని వ్యాపారుల వైరం మీద ఆధారపడి బతికే సత్యం, వాళ్ళు రాజీపడిన రోజున నోరు మూసుకుంటుంది. నిజం అడిగే హక్కు నష్టపోయిన వ్యాపారిది కాదు, తాగేవాడిది. ఆ విద్యార్థికి నేను చెప్పిన జవాబు ఇదే: తగాదా వాళ్ళది, సీసా మనది.