మనం కనిపించాలి

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. అప్పుడే పేపర్లు వేసే కుర్రాళ్లు, మొదటి షిఫ్టుకు వెళ్లే కార్మికులు రోడ్డెక్కేశారు. వాళ్లలో చాలామందిది సైకిలే. చాలా సైకిళ్లకు దీపమే ఉండదు.

సైకిల్ లైటంటే దారి చూసుకోవడానికే అనుకుంటాం. వీధిదీపాలున్న ఊళ్లో దారి ఎలాగూ కనిపిస్తుంది. కనిపించాల్సింది మనం. వెనక వచ్చే లారీ డ్రైవరుకు మనం కనిపించాలి.

అందుకే, డబ్బులు ఒక్క లైటుకే సరిపోతే వెనక ఎర్ర లైటు కొనండి. చిన్నదైనా పరవాలేదు. ఫోన్ చార్జరుతో చార్జింగ్ అయ్యేదైతే మాటిమాటికీ బ్యాటరీల ఖర్చుండదు. పాత డైనమో ఉంటే పారేయకండి. కాకపోతే చాలా డైనమో లైట్లు, సైకిల్ ఆగగానే ఆరిపోతాయి. అప్పుడూ మనం కనిపించాలి కదా!

చీకట్లో పిల్లి కళ్లు చూశారా? వాటిలో దీపమేమీ లేదు. మీద పడ్డ వెలుగునే తిరిగి పంపిస్తాయి. మంచి రేడియం స్టిక్కరూ అంతే. నంబరు ప్లేట్లు చేసే కొట్లో చిన్న ముక్క అడగండి. కొనేముందు ఫోన్ టార్చి కంటి పక్కన పెట్టుకుని, ఆ ముక్క మీద వెలుగు వేసి చూడండి. ధగధగమంటేనే తీసుకోండి. మడ్‌గార్డుకు ఒకటి అంటించండి. పెడళ్లకు తప్పకుండా అంటించండి. పైకీ కిందికీ కదిలే మెరుపును కన్ను ఇట్టే పట్టేస్తుంది.

వాన పడ్డ రోజు ఈ స్టిక్కర్ల మీద బురద చేరుతుంది. బయల్దేరే ముందు ఓసారి గుడ్డతో తుడవండి.