ఆయుధము – అధికారము

వేగవతీతీరమున, మన్యపు వాకిట నున్న సాలూరువంటి పట్టణమున నివసించు గృహస్థుడు మొదటిసారిగా తుపాకి కొనదలచి, మిక్కిలి వెలగల రైఫిలునే కోరుట యుక్తమా యను ప్రశ్న ధనమునకు గాక అధికారమునకు సంబంధించినది. 1959 నాటి ఆయుధచట్టము లైసెన్సు నడుగును. 1972 నాటి వన్యప్రాణిసంరక్షణచట్టము వేటను నిషేధించినది. ఇక మిగులునవి ఆత్మరక్షణము, గురి నేర్చు వినోదము, గోడకు వ్రేలాడు ఆడంబరము.

చట్టమిచ్చు అధికారమొక్కటే చాలదు, సాధనచే వచ్చునదియు వలయును. మహాభారతమున అర్జునుడును అశ్వత్థామయు ప్రయోగించినది బ్రహ్మశిరోనామకాస్త్రమే. ఋషులు వారింపగా నర్జునుడు మరలించుకొనగలిగెను, ద్రోణపుత్రునకు శక్యము కాలేదు. భేదము అస్త్రమున లేదు, సాధనలో నున్నది. కావున చేత బట్టినంతనే గొట్టము నేలవైపు వంచి ఖాళీయో కాదో చూచుట, గురి కుదురువరకు మీటపై వ్రేలుంచకుండుట, తూటాలను వేరుగా తాళమునం దుంచుట స్వభావమగువరకు సామాన్యమైన తుపాకియే చాలును. అవసరము తోచనివానికి అదియు నక్కరలేదు.